డెమో ఆగిపోయినప్పుడే నాకు బుర్రకెక్కింది

ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతారంటారు కదా, ఆ టైపు మనిషిని నేను, వెబ్ ప్రోగ్రామింగ్ మీద ఫ్రీ ట్రైనింగ్ అని ఎక్కడ కనిపిస్తే అక్కడికి పదేళ్ళ పైనే తిరిగా. వీకెండ్ వర్క్‌షాపులు, ఒక్కరోజు బూట్‌క్యాంపులు, సాయంత్రం మీటప్‌లు, కోడ్‌ల్యాబ్‌లు, హ్యాకథాన్‌కి ముందురోజు పెట్టే క్లాసులు, ఏదీ వదల్లేదు. ఒక డ్రాయర్ నిండా స్టిక్కర్లు, మెడలో వేసుకునే ఐడీ ట్యాగులు, ఇప్పుడు ఎవరూ వాడని టెక్నాలజీల పేర్లున్న టీషర్టులు (ఒకటైతే మానిటర్ తుడవడానికి భలే పనికొస్తోంది). మొన్న ఆ డ్రాయర్ సర్దుతుంటే డౌటొచ్చింది, ఇన్నిటికి వెళ్ళాం సరే, అసలు బుర్రలో మిగిలిందేంటి అని. కూర్చుని గుర్తుచేసుకుంటే ఒక్క స్లైడ్ కూడా గుర్తు రాలేదు. గుర్తొచ్చినవన్నీ ఏవో పనిచేయకుండా ఆగిపోయిన సందర్భాలే. స్పీకర్ చెమటలు తుడుచుకుంటూ ఎర్రర్ వెతుక్కున్న పది నిమిషాలు, నా పక్కనున్నాయన ల్యాప్‌టాప్‌లో మాత్రమే వచ్చిన వింత ప్రాబ్లం, ఇలాంటివి.

మొదటిది 2011లో. అప్పటికి నేను మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత వెబ్ టూల్ వెబ్ ఫామ్స్‌లో పనిచేసేవాణ్ణి. బటన్‌ని లాగి పేజీ మీద పడేయడం, దానిమీద డబుల్ క్లిక్ కొట్టడం, ఓపెన్ అయిన ఫంక్షన్‌లో కోడ్ రాసేయడం, వెబ్ డెవలప్‌మెంట్ అంటే ఇదే అనుకునేవాణ్ణి. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య ఏం నడుస్తోందో తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరం కూడా ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే వ్యూస్టేట్ అని ఒక హిడెన్ ఫీల్డ్ ఉండి పేజీ సంగతులన్నీ మూటగట్టుకుని ప్రతి పోస్ట్‌బ్యాక్‌కీ, అంటే పేజీ సర్వర్‌కి వెళ్ళొచ్చిన ప్రతిసారీ, అటూ ఇటూ మోసేది. పేజీ స్లో అయితే సర్వర్ని తిట్టుకునేవాళ్ళం తప్ప ఆ మూట బరువెంతో ఎవడూ చూసేవాడు కాదు.

ఆ ఏడాది మొదట్లోనే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఇంకో వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీ 3 వచ్చింది, దాంతోపాటు రేజర్ అని కొత్త వ్యూ ఇంజిన్, అంటే పేజీ హెచ్‌టీఎంఎల్ తయారుచేసే భాగం. అంతకుముందు ఏడాది నుంచే మైక్రోసాఫ్ట్ వెబ్ క్యాంప్స్ పేరుతో చాలా దేశాల్లో ఫ్రీగా ట్రైనింగ్‌లు పెడుతుండేది, ముందు వినడం, తర్వాత చేత్తో కోడ్ రాసి చూడటం అనే పద్ధతిలో. అదే పద్ధతిలో చిన్న చిన్న యూజర్ గ్రూపులు కూడా సొంతంగా పెట్టుకునేవి, నేను వెళ్ళింది అలాంటి ఒకదానికి. పొద్దున్నంతా అరచేతిలో వైకుంఠం చూపించారు. యూఆర్ఎల్ నుంచి కంట్రోలర్‌కి (రిక్వెస్ట్ అందుకునే కోడ్), కంట్రోలర్ నుంచి వ్యూకి (కనిపించే పేజీ), చకచకా అయిపోతోంది, మేమంతా నోరెళ్ళబెట్టి చూస్తున్నాం, అర్థమైందా అంటే తలలూపుతున్నాం.

మధ్యాహ్నం ఒక రిజిస్ట్రేషన్ ఫామ్ చేసి చూపిస్తుంటే సబ్మిట్ కొట్టగానే సర్వర్ దగ్గర ఒక ఫీల్డ్ నల్, అంటే విలువేమీ లేకుండా, వచ్చింది. మళ్ళీ కొట్టారు, మళ్ళీ నల్. స్పీకర్ ఒక్క నిమిషం గమ్మునున్నారు, తర్వాత స్లైడ్స్ మూసేసి, సరే దీన్ని మనందరం కలిసి పట్టుకుందాం అని బ్రౌజర్‌లో ఎఫ్ 12 కొట్టి, సర్వర్‌కి ఏం వెళ్తోందో ఏం వస్తోందో చూపించే నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచారు. నేను నెట్‌వర్క్ ట్యాబ్ చూడటం జీవితంలో అదే ఫస్ట్ టైం, నాలుగేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉన్న వెబ్ డెవలపర్ని అని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి మరి! అందులో ఫామ్ డేటా జంటలు జంటలుగా కనిపించింది, పేరు ఈక్వల్ టు విలువ, పేరు ఈక్వల్ టు విలువ, అంతే, ఇంకేం లేదు. ఆ జంటల్లో మా నల్ ఫీల్డ్ అసలు లేనేలేదు. ఎందుకంటే ఆయన ఆ ఇన్‌పుట్‌కి ఐడీ రాశారుగానీ నేమ్ రాయలేదు. బ్రౌజర్ ఫామ్ పంపేటప్పుడు ఐడీని పట్టించుకోదు, నేమ్ ఉంటేనే పంపుతుంది, అటువైపు సర్వర్లో మోడల్ బైండర్ అనే భాగం ఆ నేమ్ చూసే ప్రాపర్టీలో విలువ నింపుతుంది. రెండు ముక్కల సంగతి. కానీ ఆ రోజు నుంచి నాకు వెబ్ అంటే మాయ పోయింది, ఓహో ఇక్కడ నుంచి అక్కడికి టెక్స్టే కదా వెళ్తోంది అని తెలిసిపోయింది. ఆ తర్వాత ఎన్ని ఫ్రేమ్‌వర్క్‌లు మారినా ఈ ఒక్క ముక్క మారలేదు, ఇప్పటికీ ఏదైనా పనిచేయకపోతే ముందు చేసేది నెట్‌వర్క్ ట్యాబ్ తెరవడమే. ఆ డెమో సాఫీగా అయిపోయుంటే నేను చప్పట్లు కొట్టి టీషర్టు పట్టుకుని ఇంటికెళ్ళిపోయేవాణ్ణి.

ఇక అదే రోజుల్లో నేను సిల్వర్‌లైట్ (బ్రౌజర్‌లో బొమ్మలు, వీడియోలు ఆడించే మైక్రోసాఫ్ట్ ప్లగిన్) ట్రైనింగ్‌లకి కూడా వరసపెట్టి వెళ్ళా, మూడు వీకెండ్లు. గ్రేడియంట్లు, యానిమేషన్లు, వీడియో, అబ్బో కళ్ళు చెదిరేవి. 2007లో మొదలైన ఆ ప్లగిన్‌కి 2011 చివర్లో 5వ వెర్షన్ వచ్చింది, అదే ఆఖరిది. 2015లో క్రోమ్ పాత ప్లగిన్ల పద్ధతినే పూర్తిగా తీసేసింది, 2020 చివరికి అలాంటి ప్లగినే అయిన ఫ్లాష్ పోయింది, 2021 అక్టోబర్‌లో సిల్వర్‌లైట్‌కి సపోర్ట్ ఆగింది. దీనికి ఎవర్నీ అనాల్సిన పని లేదు, ఫోన్లొచ్చి ప్లగిన్ల కాలమే చెల్లిపోయింది. నేను అనుకునేది నా గురించే. ఆ మూడు వీకెండ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ బొమ్మ ఎలా ఆడుతుందనేగానీ దాని అడుగున ఏముందని కాదు, అందుకే బొమ్మ పోగానే నా మూడు వీకెండ్లూ పోయాయి. అడుగున ఉన్నవాటికి కూడా అందులో చోటుంది నిజానికి, డేటా మారితే స్క్రీన్ దానంతటదే మారే డేటా బైండింగ్ ఆలోచన అక్కడే మొదటిసారి విన్నా, తర్వాత యాంగ్యులర్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ చూసినప్పుడు ఇదెక్కడో చూశానే అనిపించింది. కానీ అది నేను పట్టుకున్నది కాదు, యాక్సిడెంటల్‌గా అంటుకున్నది.

యాంగ్యులర్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. పాత యాంగ్యులర్‌జేఎస్ మీద ఫ్రీ వర్క్‌షాపులు జోరుగా నడుస్తున్న టైంలోనే, 2014 అక్టోబర్‌లో, కొత్త వెర్షన్ పూర్తిగా వేరేగా ఉండబోతోందని బయటపెట్టారు, 2016 సెప్టెంబర్‌లో అది వచ్చేసింది, పాతదాంట్లోని స్కోప్ లేదు, కంట్రోలర్ లేదు, టైప్‌స్క్రిప్ట్ అనే ఇంకో భాష వచ్చి కూర్చుంది. అప్పుడు ఒక మీటప్‌లో ఒకాయన లేచి, మేం నేర్చుకున్నదానికి విలువేంటండీ అని గట్టిగానే అడిగాడు. హాల్ అంతా సైలెంట్. స్పీకర్ నవ్వేసి టాపిక్ మార్చారు, నాకు అది నచ్చలేదు, ఎందుకంటే ఆ రోజు మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

ఫ్రీ అంటే ఎవరో కడుతున్నారని అర్థం కదా. కంపెనీ పెడితే దానికి తన ప్లాట్‌ఫామ్ నలుగురూ వాడాలి, క్లౌడ్ వాళ్ళు పెడితే మీ యాప్ వాళ్ళ సర్వర్ల మీదకి చేరాలి. ఇందులో తప్పేమీ లేదు, వాళ్ళ డాక్యుమెంటేషన్ రాసిన మనిషే వచ్చి ఎదురుగా నిలబడి చెప్తున్నాడంటే అది డబ్బులిచ్చినా దొరకని విషయం. కాకపోతే ఆ రోజు వాళ్ళు ఇంకో దారి గురించి చెప్పరు, అది మనమే ఇంటికొచ్చి చూసుకోవాలి. నాకు చిరాకల్లా ఇంకో రకంతో. ఫ్రీ మాస్టర్‌క్లాస్ అంటారు, రెండు గంటలంటారు, రిజిస్టర్ చేసేటప్పుడే ఫోన్ నంబర్ లేకపోతే ముందుకు పోనివ్వరు. మొదటి గంట ఇంట్రడక్షన్, మోటివేషన్, జీతాలు ఎంతెంత వస్తాయో స్క్రీన్‌షాట్లు, తర్వాత ఒక ఇరవై నిమిషాలు బటన్ రంగు మార్చి చూపిస్తారు, మిగతా టైమంతా పెయిడ్ కోర్సు అమ్మకం, పక్కనే ఎర్ర అంకెలతో టైమర్ తగ్గుతూ ఉంటుంది. రెండుసార్లు మోసపోయా. ఇప్పుడు ఒక్కటే చూస్తా, ముందుగా ఏం ఇన్‌స్టాల్ చేసుకుని రమ్మన్నారు, ఏం కట్టబోతున్నామో చెప్పారా లేదా అని. అజెండాలో జీతం గురించి ఉండి ఎడిటర్ పేరు లేదంటే అది ట్రైనింగ్ కాదు, సంతే.

ఎవరూ ఏదీ అమ్మని పద్ధతులు కూడా ఉన్నాయి, వాటి కథ నాకు భలే ఇష్టం. 2005లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో బార్‌క్యాంప్ అని మొదలైంది. అప్పట్లో పిలుపొస్తేనే వెళ్ళగలిగే ఫూ క్యాంప్ అని ఒకటుండేది, దానికి జవాబుగా పిలుపులేవీ అక్కర్లేదు ఎవరైనా రావొచ్చు అని పెట్టుకున్నారు. ముందే రాసిపెట్టుకున్న షెడ్యూల్ ఉండదు, పొద్దున్నే గోడమీద గళ్ళు గీస్తారు, ఎవరికి ఏది చెప్పాలనుంటే వాళ్ళు కాగితం అంటిస్తారు. చూసిపోవడానికి వచ్చేవాళ్ళు వద్దు, ఏదో ఒకటి చెయ్యడానికి రండి అనేది రూలు. 2006 జనవరిలో న్యూయార్క్‌లో జరిగిన బార్‌క్యాంప్‌లోనే జాన్ రెసిగ్ అనే కుర్రాడు జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని మొదటిసారి జనానికి చూపించాడు. తర్వాత పదేళ్ళు ప్రపంచంలో సగం వెబ్‌సైట్లకి కాలూ చెయ్యీ అదే అయిపోయిందంటే అతిశయోక్తి అనిపించదు, మన తరంలో జేక్వెరీ ముట్టని వెబ్ డెవలపర్ ఎవరు చెప్పండి? అలాంటిది ఒక ఫ్రీ మీటింగ్‌లో గోడకి అంటించిన కాగితం నుంచి బయటికొచ్చింది.

ఇలాంటి చోట్ల ఇంకో రూలు ఉంటుంది, ఓపెన్ స్పేస్ అనే పద్ధతి నుంచి వచ్చింది, రెండు పాదాల సూత్రం అంటారు. ఇక్కడ నువ్వు నేర్చుకోవడమూ లేదు, నేర్పడమూ లేదు అనిపిస్తే లేచి ఇంకో గదికి వెళ్ళిపో, ఎవరూ ఏమనుకోరు అని. మనవాళ్ళు కాళ్ళకి బుద్ధి చెప్పడం అంటారే, అదన్నమాట, కాకపోతే ఇక్కడ గౌరవంగా. నాకు ఇది అలవాటు కావడానికి చాలా టైం పట్టింది. పెద్దాయన మాట్లాడుతుంటే మధ్యలో లేస్తే బావుండదేమో అని గంటలు గంటలు కూర్చునేవాణ్ణి, అర్థం కాకపోయినా.

అసలు ఏ ట్రైనింగ్‌లో అయినా సగం రోజు తినేసేది ఇన్‌స్టలేషన్. ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నలభై మంది ఒకేసారి ఒకే వైఫై మీద ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (కావాల్సిన ప్యాకేజీలన్నీ నెట్ నుంచి దించే కమాండ్) కొడతారు, ఇంకేముంది, నెట్ చచ్చూరుకుంటుంది. ఒకరికి నోడ్ (జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపేది) పాత వెర్షన్, ఒకరికి ఆఫీస్ ల్యాప్‌టాప్ కాబట్టి అడ్మిన్ రైట్స్ లేవు, ఒకరికి ప్రాక్సీ, ఒకరికి పోర్ట్ ఆల్రెడీ వేరేది వాడుకుంటోంది. మధ్యాహ్నం అయ్యేసరికి హలో వరల్డ్ వచ్చినవాళ్ళు ఇటు, రానివాళ్ళు అటు, రానివాళ్ళు సాయంత్రానికి మెల్లగా మాయం. దీనికి మందు కనిపెట్టినవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ నేర్పడానికి 2009లో మొదలైన రైల్స్‌బ్రిడ్జ్ వాళ్ళు వర్క్‌షాప్‌కి ముందురోజు సాయంత్రం ఇన్‌స్టాల్‌ఫెస్ట్ పెట్టేవారు, ఆ సాయంత్రం పని ఇన్‌స్టాల్ చేసుకోవడమే. జాంగో అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్ నేర్పే జాంగో గర్ల్స్ వాళ్ళదీ అదే దారి. 2010లో హెల్సింకిలో పుట్టిన రైల్స్ గర్ల్స్, 2014లో బెర్లిన్‌లో పుట్టిన జాంగో గర్ల్స్, రెండూ ఫ్రీయే, రెండూ ఆడపిల్లలకి మొదటి అడుగు వేయించడానికి పెట్టినవి. జాంగో గర్ల్స్‌లో ముగ్గురికి ఒక కోచ్ లెక్కన కూర్చోబెడతారు, ఒక్కరోజులో ఎవరి బ్లాగ్ వాళ్ళు కట్టుకుని ఇంటర్నెట్‌లో పెట్టేసి వెళ్తారు. స్టేజీ లేదు, మైకు లేదు. రెండొందల మందికి ఒక స్పీకర్ ఎక్కడ, ముగ్గురికి ఒకరు ఎక్కడ. నోడ్‌స్కూల్ అయితే ఇంకా వింత, పాఠాలన్నీ టెర్మినల్‌లోనే ఉంటాయి, నువ్వు రాసిన ప్రోగ్రామ్‌ని అదే చెక్ చేసి పాసో ఫెయిలో చెప్తుంది, మెంటర్లు ఊరికే మధ్యలో తిరుగుతుంటారు, ఎవరు ఇరుక్కుంటే వాళ్ళ దగ్గర ఆగుతారు.

కొన్నేళ్ళకి నేనూ మెంటర్‌గా వెళ్ళడం మొదలుపెట్టా. మొదటిసారి వెళ్ళినచోట ముందే ఒక మాట చెప్పారు, వచ్చినవాళ్ళ కీబోర్డు మీద చెయ్యి వెయ్యొద్దు, ఎంత చిన్న తప్పయినా సరే వాళ్ళ వేళ్ళతోనే వాళ్ళు సరిచేసుకోవాలి అని. ఎంత కష్టమో తెలుసా అది! ఎదురుగా కామా మిస్సయింది, కనిపిస్తోంది, చెయ్యి దురద పెడుతోంది, అయినా వెనక చేతులు కట్టుకుని, ఎర్రర్‌లో ఏ లైన్ నంబర్ ఉందో ఒకసారి చదవండి అనాలి.

అది రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ మీద వర్క్‌షాప్. ఒకామె కౌంటర్ బటన్ చేసింది, క్లిక్ చేస్తే స్క్రీన్ మీద అంకె కరెక్టుగానే పెరుగుతోంది, కానీ సెట్ చేసిన వెంటనే కింది లైన్‌లో కన్సోల్ లాగ్ (విలువని ప్రింట్ చేసి చూపించేది) పెడితే పాత అంకే వస్తోంది. ఎందుకండీ అని అడిగింది. నేను గొప్పగా, అది అసింక్రనస్ అమ్మా, కాస్త లేటుగా అప్‌డేట్ అవుతుంది అని చెప్పా. ఆమె ఊరుకోలేదు, సరే అయితే టైమర్ పెట్టి రెండు సెకన్లాగి లాగ్ చేస్తా అంది. చేసింది. రెండు సెకన్ల తర్వాత కూడా పాత అంకే! నా మొహం చూడాలి అప్పుడు. ప్రొడక్షన్‌లో రియాక్ట్ రాస్తున్నవాణ్ణి, నాకు జవాబు లేదు. తెలీదండీ, చూసి చెప్తా అన్నా. ఇంటికెళ్ళి రాత్రి కూర్చుంటే తెలిసింది, లేటు సంగతి కాదు అసలు, ఆ ఫంక్షన్ నడుస్తున్నంతసేపూ ఆ వేరియబుల్ ఆ రెండర్‌కి (స్క్రీన్‌ని ఒకసారి గీయడానికి) సంబంధించిన ఫోటో లాంటిది, ఫోటోలో మనిషి వయసు పెరగదు కదా, కొత్త విలువ కావాలంటే తర్వాతి రెండర్‌లో తీసే కొత్త ఫోటోలోనే ఉంటుంది. రియాక్ట్‌లో ఇలాంటి విలువలు పెట్టుకోవడానికి వాడే హుక్స్ మీద అప్పటికి నేను నాలుగు ఫ్రీ సెషన్లు విన్నా, ఎక్కడా ఇది ఎక్కలేదు. ఒక కొత్తామె వేసిన టైమర్ ఎక్కించింది. నేర్పడానికి వెళ్ళి నేర్చుకుని రావడం అంటే ఇదే, చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉన్నా.

2020లో అన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి. దాంతో లాభం లేదని అనను, ఏ మూలనున్నా వినొచ్చు, రికార్డింగ్ ఉంటుంది, ఒకటిన్నర స్పీడులో పెట్టుకుని పనిలేనిది దాటేయొచ్చు. అసలు వినడానికే అయితే ఈవెంట్ ఎందుకు, ఎండీఎన్ అనే వెబ్ డాక్యుమెంటేషన్ సైట్ ఉంది, ఫ్రీకోడ్‌క్యాంప్ ఉంది, ఓడిన్ ప్రాజెక్ట్ ఉంది, అన్నీ ఫ్రీనే, చాలా ట్రైనింగ్‌ల కంటే బాగా రాసినవే. 2009లో బెర్లిన్‌లో నోడ్ తయారుచేసిన రయన్ డాల్ దాన్ని పరిచయం చేసిన వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, ఇంట్లో కూర్చుని చూడొచ్చు. కానీ నా మటుకు ఆన్‌లైన్ వెబినార్ అంటే ఇంకో ట్యాబ్‌లో మెయిల్ చూసుకోవడమే అయింది, నిజం చెప్తున్నా. డౌట్ వస్తే చాట్‌లో టైప్ చేయాలి, అది నలభై హాయ్‌లూ గుడ్ ఈవెనింగ్‌ల మధ్య కొట్టుకుపోతుంది. గదిలో అయితే పక్కాయన స్క్రీన్ వైపు తల తిప్పితే చాలు. పక్కాయనకి కూడా తెలీదనుకోండి, ఇద్దరికీ తెలీదని తెలియడమే పెద్ద ధైర్యం.

ఇంకో కోపం కూడా కక్కేస్తా. ఫ్రీ కదా అని రిజిస్టర్ చేసి రాకపోవడం. ఒకసారి మా గ్రూపులో నేనే ఒక వర్క్‌షాప్ పెట్టా, సీట్లు రెండు గంటల్లో అయిపోయాయి, వెయిటింగ్ లిస్ట్‌లో జనం బతిమాలుతున్నారు, తీరా ఆ రోజు చూస్తే సగం కుర్చీలు ఖాళీ. ఆరుగురు మెంటర్లు వాళ్ళ శనివారం వదులుకుని వచ్చి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. రాలేకపోతే ముందురోజు క్యాన్సిల్ కొట్టండి బాబూ, ఒక్క క్లిక్కే. అప్పట్నుంచి నేను రిజిస్ట్రేషన్ ఫామ్‌లో ఒక చిన్న పని పెడుతున్నా, ఏదో ఒక కమాండ్ రన్ చేసి దాని అవుట్‌పుట్ పేస్ట్ చేయమని. ఇన్‌స్టలేషన్ సంగతీ తేలిపోతుంది, నిజంగా వచ్చేవాళ్ళెవరో కూడా తెలుస్తుంది.

నేను వెళ్ళే తీరు కూడా మారింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో నా సొంత ప్రాబ్లం ఒకటి పెట్టుకుని వెళ్తా, ఆఫీసులో ఎక్కడో ఇరుక్కుపోయింది, వాళ్ళ టుడూ యాప్ చేస్తున్నప్పుడు నేను అదే ఐడియాని నా దానిమీద వేసి చూస్తా, సహజంగానే పగులుతుంది, అప్పుడు అడుగుతా. అడగందే అమ్మైనా పెట్టదు, స్పీకర్ పెడతాడా. స్లైడ్స్ ఫోటోలు తీయడం మానేశా, ఆ ఫోటోలు మళ్ళీ తెరిచి చూసినవాడు భూమ్మీద ఉన్నాడని నేను నమ్మను. దాని బదులు నోట్‌బుక్‌లో ఎర్రర్లు మాత్రమే రాసుకుంటా, ఏం వచ్చింది, ఎవరు పట్టుకున్నారు, ఎలా పట్టుకున్నారు. తర్వాత రెండు మూడు రోజుల్లో ఖాళీ ఫోల్డర్ నుంచి ఏదీ చూడకుండా మళ్ళీ కట్టడానికి కూర్చుంటా, ఎక్కడ ఆగిపోయానో అక్కడే నాకు తెలీదని అర్థం. వారం దాటితే మాత్రం అంతే సంగతులు, ఇంకెప్పుడూ కూర్చోను.

పోయిన నెల ఒకదానికి వెళ్ళా, సర్వర్ సైడ్ రెండరింగ్ మీద, అంటే పేజీ హెచ్‌టీఎంఎల్‌ని ముందు సర్వర్లోనే తయారుచేయడం. కుర్ర స్పీకర్, బాగా చెప్తున్నాడు, తన ల్యాప్‌టాప్‌లో అన్నీ చక్కగా నడిచాయి. చివర్లో డిప్లాయ్ చేసి, అంటే ఇంటర్నెట్‌లో పెట్టి, లైవ్ లింక్ ఓపెన్ చేస్తే పేజీలో టైం ఒక్క క్షణం ఒకటి కనిపించి ఇంకోటిగా మారిపోతోంది, కన్సోల్ నిండా ఎర్రగా హైడ్రేషన్ ఎర్రర్. పాపం కంగారుపడి, దీన్ని తర్వాత చూద్దాం అని ముందే రికార్డ్ చేసి పెట్టుకున్న వీడియో ప్లే చేసేశాడు. వీడియోలో అంతా బ్రహ్మాండం. నాకు మాత్రం అసలైన క్లాసు మొదలవబోతుంటే బెల్లు కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి అదే కట్టి చూశా. ల్యాప్‌టాప్‌లో రాదు, డిప్లాయ్ చేస్తేనే వస్తుంది. నోట్‌బుక్‌లో రెండు పేజీలయ్యాక దొరికింది. సర్వర్ ఏమో యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, టైం రాసి హెచ్‌టీఎంఎల్ పంపుతోంది, బ్రౌజర్ ఏమో మన టైంజోన్‌లో రాస్తోంది, రెండూ కలవట్లేదని రియాక్ట్ గోల, హైడ్రేషన్ ఎర్రర్ అంటే అదే. ల్యాప్‌టాప్‌లో సర్వరూ బ్రౌజరూ ఒకే మెషీన్ కాబట్టి ఒకే గడియారం, ఒకే జోన్, ఇక గొడవేముంది. టైంజోన్ పేరు రెండు వైపులా ఒకటే ఇస్తే పోయింది. ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టా, కోడ్ కూడా పంపా. రాత్రి పదకొండింటికి రిప్లై వచ్చింది, థ్యాంక్స్ అన్నయ్యా, వచ్చే నెల సెషన్‌లో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచి అందరితో వెతికిస్తా, మీరూ రండి అని. వెంటనే రిజిస్టర్ చేసేశా.